వరస ఇంట్లో థ్రిల్లర్: రెండు నిమిషాల ఆరంభానికి సలహాలు కావాలి

పెరటి_గుమ్మం (పర్లాకిమిడి)
శనివారం, సాయంత్రం 6:50

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో సినిమా తీయడం నేర్పే చిన్న తరగతి ఒకటి మొదలైంది. మాకు ఇచ్చిన పని ఇది: ఒక థ్రిల్లర్ సినిమాకు మొదటి రెండు నిమిషాలు మాత్రమే తీసి చూపించాలి. మిగతా సినిమా ఉండదు. చూసినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఇది థ్రిల్లర్ అని గుర్తుపట్టాలి. "తర్వాత ఏమైంది?" అని వాళ్ళే అడగాలి. పేర్లు కూడా ఆ రెండు నిమిషాల్లోనే పడాలి.

మేము ముగ్గురం కలిసి ఒకటి రాసుకున్నాం. తలమీద ముసుగు కప్పుకున్న మనిషి, ముఖం కనిపించదు, చేతిలో కత్తి. ఒక గది గోడ నిండా ఫొటోలు, వాటి మధ్య ఎర్ర దారం. జోరున వాన. ఒక అమ్మాయి రైలు పట్టాల వెంట పరుగెడుతూ ఉంటుంది. రాసినప్పుడు బాగుందనే అనిపించింది. నిన్న తరగతిలో చదివి వినిపిస్తే ఎవరూ ఏమీ అనలేదు. ఒక స్నేహితురాలు మాత్రం "ఇది ఎక్కడో చూశాను" అంది. ఎక్కడ అని అడిగితే చెప్పలేకపోయింది. రాత్రంతా అదే మాట గుర్తొస్తూ ఉంది.

ఈ ఆనవాయితీలన్నీ పాటిస్తే చూసిందే చూసినట్టు ఉంటుంది. వదిలేస్తే థ్రిల్లర్ అని ఎవరికీ తెలియదు. ఏం చేయాలి?

మా దగ్గర ఉన్నవి: ఒక ఫోను, ఒక పాత ట్రైపాడ్, రెండు టార్చిలైట్లు, షూటింగుకు మా మామ్మ ఉండే ఇల్లు.

---

కథే_ముఖ్యం (రాయగడ)
శనివారం, రాత్రి 7:25

అన్నీ వదిలేయండి. ముసుగు, కత్తి, ఎర్ర దారం ఇవేవీ మీ జీవితంలోవి కావు. మీ ఊళ్ళో గోడమీద ఫొటోలు అంటించి దారాలు కట్టిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడనిది తీస్తే ప్రేక్షకుడు నమ్మడు. మీకు నిజంగా భయం వేసిన ఒక సంగతి రాయండి. అది థ్రిల్లర్ అవుతుందో లేదో తర్వాత చూసుకోవచ్చు.

---

రాయగడ_కట్ (రాయగడ)
శనివారం, రాత్రి 7:52

మా ఊరి మిత్రుడి మాటలో సగమే ఒప్పుకుంటాను. పదకొండేళ్ళుగా పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నాను, మధ్యలో కొన్ని లఘుచిత్రాలు చేశాను. మంగళసూత్రం కట్టే క్షణంలో గట్టిమేళం వినిపించకపోతే ఆ ఇంటివాళ్ళు ఊరుకోరు. అది ఆనవాయితీ. అయితే ఏ రెండు పెళ్ళిళ్ళూ ఒకలా ఉండవు. ఆనవాయితీ అంటే ముందుగా ఇచ్చిన మాట. థ్రిల్లర్ చూడడానికి కూర్చున్నవాడికి మీరు ఇచ్చిన మాట మూడు సంగతుల గురించి: ఏదో ఒకటి దాచిపెడతారు, ఎవరికో ముప్పు ఉంటుంది, సమయం తక్కువగా ఉంటుంది. ఈ మూడూ లేకపోతే మీరు మాట తప్పినట్టే. కత్తి గురించి మీరు ఎవరికీ మాట ఇవ్వలేదు.

చెల్లెమ్మా, ముందు ఒకటి చెప్పు. మీ మామ్మగారి ఇల్లు ఎలా ఉంటుంది? షూటింగుకు ఉన్నది అదే కాబట్టి కథ అక్కడి నుంచే రావాలి.

---

జయపురం_మాస్టారు (జయపురం)
శనివారం, రాత్రి 8:30

పై ఇద్దరి మాటలనూ కలిపి ఆలోచించడానికి ఒక దారి ఉంది. రిక్ ఆల్ట్‌మన్ అనే అమెరికన్ సినీ పండితుడు 1984లో ఒక వ్యాసం రాశాడు. ఒక కోవకు చెందిన సినిమాలను రెండు రకాలుగా గుర్తుపట్టవచ్చని ఆయన అన్నాడు. ఒకటి, వాటిలో కనిపించే వస్తువులు, మనుషులు, చోట్లు. వీటిని పదాలు అనుకోండి. రెండోది, ఆ పదాలను కలిపే తీరు. దాన్ని వాక్యం అనుకోండి.

అమ్మా, నీ స్క్రిప్టులో ఉన్నవన్నీ పదాలే. ముసుగు, కత్తి, వాన, ఎర్ర దారం. వాటిని వేరే ఊరి నుంచి అరువు తెచ్చుకున్నావు. వాక్యం మాత్రం లేదు. ఆ ముసుగు మనిషికీ ఆ అమ్మాయికీ సంబంధం ఏమిటో, ఏ ప్రశాంతత ఎక్కడ చెడిందో నీ పేరాలో కనిపించలేదు. నీ స్నేహితురాలు ఎక్కడ చూసిందో చెప్పలేకపోవడానికి కారణం అదే. పదాలు అందరి దగ్గరా ఉన్నాయి, కనుక ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

తిరగేసి చూడు. వాక్యం థ్రిల్లర్‌ది తీసుకో: "నిశ్చింతగా ఉండే చోటు నిశ్చింతగా లేకుండా పోయింది, ఆ సంగతి అక్కడ ఉన్నవాళ్ళకు ఇంకా తెలియదు." పదాలు పర్లాకిమిడివి తీసుకో.

---

పెరటి_గుమ్మం (పర్లాకిమిడి)
శనివారం, రాత్రి 9:10

మాస్టారూ, మీ చివరి రెండు వాక్యాలు నోటుపుస్తకంలో రాసుకున్నాను.

కట్ అన్నయ్యా, మా మామ్మది వరస ఇల్లు. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకదాని వెనుక ఒకటిగా ఐదు గదులు. ఇరుపక్కలా పొరుగిళ్ళ గోడలే, అందుకని కిటికీలు లేవు. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉంటాయి. వీధి అరుగుమీద నిలబడి చూస్తే చివర పెరటి తలుపు కనిపిస్తుంది. మధ్య గదుల్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. చిన్నప్పుడు మూడో గది దాటి వెళ్ళాలంటే నాకు భయం వేసేది. మామ్మ చివరి గదిలో కూర్చుని చిన్న రోట్లో తాంబూలం దంచుకుంటూ ఉండేది (పళ్ళు లేవు, ఇప్పటికీ దంచుకునే తింటుంది). ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ధైర్యంగా నడిచేదాన్ని.

---

రాయగడ_కట్ (రాయగడ)
శనివారం, రాత్రి 9:14

నీ రెండు నిమిషాలు దొరికాయి చెల్లెమ్మా. ఆ చప్పుడు ఆగిపోవాలి.

---

కథే_ముఖ్యం (రాయగడ)
శనివారం, రాత్రి 9:20

ఇది చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నేను అడిగింది ఇదే.

---

పాత_ఆపరేటర్ (గుణుపురం)
శనివారం, రాత్రి 10:05

అమ్మాయీ, నేను ముప్పై ఏళ్ళకు పైగా థియేటర్లో ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి. సినిమా తీయడం నాకు రాదు. సినిమా చూసే జనాన్ని మాత్రం చిన్న కంతలోంచి కొన్ని వేలసార్లు చూశాను.

రెండు నిమిషాలు తక్కువ అనుకోవద్దు. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే నీకు 180 అడుగులు ఇచ్చారు. సెకనుకు 24 బొమ్మల లెక్కన 2,880 బొమ్మలు. చేత్తో చుట్టి చూసినవాడికి అది ఎంత పొడవో తెలుస్తుంది. మా హాల్లో ఆట మొదలైన మొదటి రెండు నిమిషాల్లో జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు, వేరుశనగ పొట్లాలు విప్పుతూ ఉంటారు. మంచి భయం సినిమా పడినప్పుడు ఆ కాగితాల చప్పుడు ఉన్నట్టుండి ఆగేది. తెరమీద ఏమీ జరగనప్పుడే ఆగేది. కత్తి బయటికి వచ్చాక కేకలు, ఈలలు. కత్తి రాకముందు, ఒక తలుపు దగ్గర ఎవరైనా కాస్త ఎక్కువసేపు నిలబడితే అప్పుడు నిశ్శబ్దం. అది నేను చెవులారా విన్నది.

రైలు పట్టాల గురించి ఒక మాట. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది, తర్వాత మా గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్న రైలును ఆపేశారు, 2011లో పెద్ద రైలు గుణుపురం చేరింది. ఆ పట్టాల పక్కన పెరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను, పట్టాల మీదకు షూటింగుకు వెళ్ళవద్దు. రైలు వచ్చే వేగం ఎదురుగా చూస్తే తెలియదు. చట్టం కూడా ఒప్పుకోదు. అనుమతి లేకుండా పట్టాల మీదకు వెళితే రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. స్టేషన్లో తీయాలన్నా ముందుగా అనుమతి కావాలి.

---

సిరొంచ_తీరం (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
ఆదివారం, ఉదయం 6:40

మాది గోదావరి ఒడ్డు, అవతల కాళేశ్వరం. ఇక్కడ బడిలో పిల్లలచేత చిన్న చిన్న వీడియోలు తీయిస్తుంటాను. ముసుగు మనిషి గురించి ఎవరూ చెప్పని ఒక సంగతి చెప్పాలి.

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వదంతులు వచ్చాయి. మా మహారాష్ట్రలోనే ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామంలో 2018 జులై 1న ఐదుగురిని జనం కొట్టి చంపారు. వాళ్ళు ఊరూరా తిరిగి యాచించే సంచార జాతివాళ్ళు. ఏ తప్పూ చేయలేదు. అది గుర్తున్న ఊళ్ళలో చీకటి పడ్డాక ఒక కుర్రవాడు ముసుగు కప్పుకుని నిలబడితే, పక్కన ఫోను పట్టుకున్న ఇద్దరు ఉన్నారని ఎవరూ గమనించరు. ముందు ముసుగే కనిపిస్తుంది. మా ప్రాంతంలో ఇంకో జాగ్రత్త కూడా పాటిస్తాను. బొమ్మ తుపాకీ ఏ పిల్లవాడి చేతా పట్టించను, పగలైనా సరే.

వీధిలో తీసే ప్రతి షాటుకూ ముందు నాలుగిళ్ళకు వెళ్ళి చెప్పండి. కాలేజీ నుంచి ఒక ఉత్తరం రాయించుకుని పోలీసు స్టేషన్లో ఇవ్వండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

---

పెరటి_గుమ్మం (పర్లాకిమిడి)
ఆదివారం, ఉదయం 9:15

సిరొంచ మాస్టారూ, చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. ముసుగు వేసుకోవలసింది మా తమ్ముడే. ఆ పాత్రను తీసేశాను. పట్టాలు కూడా తీసేశాను.

రాత్రి కూర్చుని కొత్తగా రాసింది ఇది. సంధ్యవేళ. మనవరాలు తమలపాకుల కట్ట పట్టుకుని వీధి గుమ్మంలోకి వస్తుంది. "మామ్మా, ఆకులు తెచ్చాను" అంటుంది. జవాబుగా లోపలి నుంచి రోలు చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మామ్మ కనిపించదు. మనవరాలు ఒక్కో గది దాటుతుంది. నాలుగో గదిలో అడుగు పెట్టగానే చప్పుడు ఆగిపోతుంది. ఐదో గదిలోకి వెళితే సగం నలిగిన తాంబూలం, రోలు, నేలమీద ఇంకా దొర్లుతూ ఉన్న రోకలి. మామ్మ లేదు. పెరటి తలుపు తీసి ఉంది. అంతే.

రోకలి ఇంకా దొర్లుతూ ఉండాలి అన్నది మా కెమెరా స్నేహితుడి ఆలోచన. ఈ క్షణంలోనే జరిగిందని తెలియడానికి.

---

రాయగడ_కట్ (రాయగడ)
ఆదివారం, ఉదయం 10:00

రోకలి దొర్లడం అద్భుతం. గడియారం పెట్టకుండానే సమయం చూపించారు.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. పెరటి తలుపు తెరుచుకోవడం ప్రేక్షకుడికి ముందే చూపిస్తారా? ఉత్కంఠ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్లకింద బాంబు సంగతి ఒకటి ఉంది. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుండగా ఉన్నట్టుండి బాంబు పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే, అదే మాటల మధ్య పదిహేను నిమిషాల ఉత్కంఠ. నేనైతే మొదటి షాటులోనే పెరటి తలుపు గడియ కదలడం చూపిస్తాను. అప్పుడు ఆ అమ్మాయి వేసే ప్రతి అడుగుకూ జనం "వెళ్ళకు" అంటారు.

---

కథే_ముఖ్యం (రాయగడ)
ఆదివారం, ఉదయం 10:22

వద్దు. గడియ చూపిస్తే మనకు ఆ అమ్మాయికన్నా ఎక్కువ తెలుస్తుంది, ఆమె చిన్నబోతుంది. ఆమె చిన్నప్పటి భయమే ఈ కథకు ప్రాణం. ఆమెకు ఎంత తెలుసో మనకూ అంతే తెలియాలి. చప్పుడు ఆగినప్పుడు ఆమె గుండె ఎలా ఆగుతుందో మన గుండె కూడా అలాగే ఆగాలి.

---

రాయగడ_కట్ (రాయగడ)
ఆదివారం, ఉదయం 10:31

అలా చేస్తే ఆమె నడిచే మొదటి ముప్పై సెకన్లలో థ్రిల్లర్ ఎక్కడుంది? ఒక పిల్ల తమలపాకులు తెచ్చింది, అంతే. వచ్చిన పని "చూడగానే గుర్తుపట్టాలి" అన్నది.

---

చెవి_సాక్ష్యం (బరంపురం)
ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఇద్దరూ కళ్ళతోనే ఆలోచిస్తున్నారు. ఇది చెవి కథ. నేను నాటకాలకూ లఘుచిత్రాలకూ శబ్దం చూస్తాను, కాబట్టి వివరంగా చెబుతాను.

రోలు చప్పుడును షూటింగు సమయంలో రికార్డు చేయవద్దమ్మా. విడిగా తీసుకో. మామ్మగారు దంచుతుండగా ఫోనును జానెడు దూరంలో, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టు. నేలమీద నేరుగా పెడితే అదురు ఎక్కుతుంది. అంతకన్నా ముందు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు ఇంటి తాళంచెవి అందులో పెట్టు, వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మర్చిపోకుండా ఉంటావు. దంచడం కనీసం మూడు నిమిషాలు తీసుకో. తర్వాత ఎవరూ కదలకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చెయ్యి. ప్రతి గదికీ వేరుగా. చప్పుడు ఆగిన చోట ఈ గది నిశ్శబ్దం ఉండాలి. అక్కడ శబ్దాన్ని పూర్తిగా సున్నా చేస్తే ఫోను పాడైందనుకుంటారు, భయపడరు.

మొదటి గదిలో చప్పుడు సన్నగా, కాస్త మూసినట్టు వినిపించాలి. గది గదికీ పెరగాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి, లయ. మామ్మగారి దంపుడుకు ఒక లయ ఉంటుంది కదా. మూడో గదిలో ఒక్క దెబ్బ తప్పించు. ఒక్కటే. ఆ అమ్మాయి గమనించదు, నడుస్తూనే ఉంటుంది. జనం గమనిస్తారు. అన్నయ్య అడిగిన ఉత్కంఠ గడియ చూపించకుండానే వస్తుంది.

సంగీతం పెట్టకు. కావలసివస్తే దూరంగా రైలు కూత పెట్టుకో. పట్టాల దగ్గరికి వెళ్ళకుండా మీ డాబామీద నుంచే రికార్డు చేయవచ్చు. సంధ్యవేళ మొదలయ్యిందని చెప్పడానికి పొరుగింట్లో దీపం పెట్టి శంఖం ఊదే శబ్దం చాలు. మన ఊళ్ళలో అది విన్నవాడికి సమయం అడగవలసిన అవసరం లేదు.

---

పాత_ఆపరేటర్ (గుణుపురం)
ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఒక్క దెబ్బ తప్పడం! బాబూ, మీరు బరంపురంలో ఎక్కడ ఉన్నా మీకు నమస్కారం. ప్రొజెక్టర్ పళ్ళచక్రం చప్పుడులో ఒక్క పన్ను తప్పితే నిద్రలో కూడా లేచేవాణ్ణి.

---

కెమెరా_నాది (పర్లాకిమిడి)
ఆదివారం, మధ్యాహ్నం 2:05

నేను ఆమె జట్టులో కెమెరా చూస్తున్నాను. నిన్న రాత్రి ఆ ఇంట్లో ఒకసారి తీసి చూశాం. రెండు ఇబ్బందులు. ట్యూబులైటు ఉన్న గదిలో తెరమీద నల్లటి చారలు పైకి పాకుతున్నాయి. అమ్మాయి చీకటి గదిలోకి వెళ్ళగానే ఫోను తనంతట తానే మొత్తం బొమ్మను తెల్లగా చేసేస్తోంది, భయం పోతోంది. దయచేసి చెప్పండి.

---

రాయగడ_కట్ (రాయగడ)
ఆదివారం, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, రెండింటికీ మందు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు వందసార్లు ఎక్కి దిగుతాయి. ఫోను సెకనుకు 30 బొమ్మలు తీస్తూ షట్టర్ (ఒక్కో బొమ్మకు వెలుతురు లోపలికి వచ్చే సమయం) తనకు తోచినట్టు పెట్టుకుంటే చారలు వస్తాయి. షట్టర్ చేత్తో పెట్టుకునే కెమెరా యాప్ ఒకటి వేసుకుని, సెకనుకు 25 బొమ్మలు, షట్టర్ సెకనులో 50వ వంతు పెట్టు. చారలు పోతాయి. ఆ ట్యూబులైటు మాత్రం ఆపేయండి, దాని వెలుతురు గదంతా పరుచుకుంటుంది.

తెల్లబడకుండా ఉండడానికి వెలుతురు బిగించాలి. చాలా ఫోన్లలో తెరమీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుతురూ అక్కడే ఆగిపోతాయి. వెలుగు ఉన్న గదిమీద వేలు పెట్టి బిగించు, చీకటి గదిమీద కాదు. రంగు కూడా బిగించు, లేకపోతే ఒక గది పసుపుగా, ఒక గది నీలంగా మారుతుంది.

ఇంతకీ ఆ ఇంటికి లైటింగు ఇప్పటికే కట్టి ఉంది. ఒకటి, మూడు, ఐదు గదుల్లో మాత్రం 9 వాట్ల బల్బు ఒక్కోటి, గుమ్మం నుంచి కనిపించకుండా పక్కకు. రెండు, నాలుగు చీకటి. అప్పుడు అమ్మాయి వెలుగులోకి వచ్చి, చీకట్లో కరిగి, మళ్ళీ వెలుగులోకి వస్తుంది. నాలుగో గది చీకట్లో ఉండగా చప్పుడు ఆగుతుంది. ముఖం కనిపించదు. కనిపించకపోవడమే కావాలి. వెలుగుకన్నా నీడ ఎక్కువగా ఉంచే ఈ పద్ధతి 1920ల జర్మన్ సినిమాల నుంచి 1940ల అమెరికన్ నేర సినిమాలకు వచ్చింది. మీ మామ్మగారి ఇల్లు కట్టినవాళ్ళకు ఆ సంగతి తెలియకపోయినా అన్నీ అక్కడే అమర్చి పెట్టారు.

మొదటి షాటు వీధి గుమ్మంలో ట్రైపాడ్ మీద, కదలకుండా, కనీసం 35 సెకన్లు. ఐదు గుమ్మాలూ ఒకదానిలో ఒకటి పట్టాలి. పేర్లు ఈ షాటుమీదే, ఒక్కో పేరు ఒక్కో గుమ్మం దాటే సమయానికి పడాలి. తర్వాత గదుల్లో పక్కనుంచి తీసేటప్పుడు కెమెరా ఎప్పుడూ ఒకే గోడవైపు ఉండాలి. ఒక గదిలో ఎడమ గోడ దగ్గర, ఇంకో గదిలో కుడి గోడ దగ్గర పెడితే ఒకసారి పెరట్లోకి వెళ్తున్నట్టు, మరోసారి వీధిలోకి తిరిగి వస్తున్నట్టు కనిపిస్తుంది. ఆమె గడప దాటుతున్న అడుగుమీద కట్ చెయ్యి: పాదం లేచేటప్పుడు వెనుకనుంచి, అదే పాదం దిగేటప్పుడు ముందునుంచి. అలా చేస్తే కట్ ఎవరికీ తెలియదు.

---

కథే_ముఖ్యం (రాయగడ)
ఆదివారం, సాయంత్రం 4:10

గడియ సంగతి ఇంకా తేలలేదు. నాకు ఒకటి తోచింది. మొదటి షాటులో పెరటి తలుపు మూసి ఉంటుంది, కింద సందులోంచి సన్నటి వెలుతురు గీత. పెరట్లో టార్చి పెడితే వస్తుంది. అమ్మాయి మూడో గదిలో ఉండగా మళ్ళీ అదే కోణంలో తీయండి. ఇప్పుడు ఆ గీత అడ్డంగా కాకుండా తలుపు పక్కన నిలువుగా ఉంటుంది. దగ్గరగా చూపించవద్దు. ఎవరి చేయీ కనిపించవద్దు. చూసినవాడు చూస్తాడు. నిన్న ఆనవాయితీలన్నీ వదిలేయమన్నాను. ఇప్పుడు నేనే ఒకటి పాటించమంటున్నాను, ఎందుకంటే ఇది ఆ ఇంట్లోంచి వచ్చింది.

---

రాయగడ_కట్ (రాయగడ)
ఆదివారం, సాయంత్రం 4:18

ఒప్పుకున్నాను. నా గడియకన్నా ఇది మంచిది.

---

జయపురం_మాస్టారు (జయపురం)
ఆదివారం, సాయంత్రం 5:00

ఒక విన్నపం. పెరట్లో ఉన్నవాడి గొంతు వినిపించాలని ఎవరికైనా అనిపిస్తే, ఆ గొంతుకు ఒడియా పెట్టకండి. "బయటివాడు అంటే ప్రమాదం" అన్నది థ్రిల్లర్లలో చాలా పాత ఆనవాయితీ. మన ఊళ్ళలో దానికి వేరే బరువు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మన ఇళ్ళ మధ్య నుంచే పోయింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ తొంభై ఏళ్ళుగా కలిసి బతుకుతున్నాం. తెలుగు ఇంట్లోకి ఒడియా గొంతు ముప్పుగా వస్తే, మీ ఆరంభం చూసే సగం తరగతి మనసు నొచ్చుకుంటుంది. పొరుగింటి శంఖం ఆ ఇంటికి తోడు కావాలి, భయం కాకూడదు. పేర్లు రెండు లిపుల్లోనూ వేస్తే మరీ మంచిది.

---

పెరటి_గుమ్మం (పర్లాకిమిడి)
ఆదివారం, సాయంత్రం 5:35

మాస్టారూ, గొంతు పెట్టడం లేదు. పేర్లు రెండు లిపుల్లోనూ వేస్తాం, మా కెమెరా స్నేహితుడిది ఒడియా ఇల్లే. శంఖం వాళ్ళ అమ్మగారిచేత ఊదిస్తానన్నాడు.

సిరొంచ మాస్టారూ, ఉత్తరం రాయించాం. వీధిలో రెండువైపులా ఆరిళ్ళకు చెప్పి వచ్చాను.

---

పెరటి_గుమ్మం (పర్లాకిమిడి)
తర్వాతి శనివారం, రాత్రి 10:20

షూటింగు మూడు సాయంత్రాలు పట్టింది.

మామ్మకు "నేను చేయి ఎత్తగానే దంచడం ఆపాలి" అని చెప్పాం. సరే అంది. ఆపలేదు. మూడుసార్లు చేయి ఎత్తాను. "సగంలో వదిలేస్తే ఆకు చేదెక్కుతుందే" అని, పూర్తిగా నలిగాకే ఆపింది. అందుకని చెవి_సాక్ష్యం గారు చెప్పినట్టు చప్పుడు విడిగా తీసుకోవడమే మమ్మల్ని కాపాడింది. ఫోను కింద తువ్వాలు, ఫ్రిజ్‌లో తాళంచెవి, అన్నీ పాటించాం. ఎడిటింగులో మూడో గది దగ్గర ఒక్క దెబ్బ తీసేశాను. తీసేసిన చోట గది నిశ్శబ్దం వేశాను. మొదటిసారి తిరిగి విన్నప్పుడు, అక్కడ దెబ్బ ఉండదని తెలిసి కూడా నా చేయి మౌస్ మీద ఆగిపోయింది.

రోకలి దొర్లే షాటు పదకొండుసార్లు తీశాం. నేల కాస్త వాలుగా ఉంది, ప్రతిసారీ తిన్నగా గోడకు పోయి తగులుతోంది. చివరికి రోకలి కింద చిటికెడు బియ్యపు గింజలు వేశాం. రెండు గింజలమీద తడబడి, అర చుట్టు తిరిగి, గుమ్మంవైపు మొగ్గి ఆగింది. అదే ఉంచాం. గింజలు తెరమీద కనిపించవు.

నిన్న వీధిలో అరుగుమీద లాప్‌టాప్ పెట్టి పొరుగువాళ్ళకు చూపించాం. పన్నెండు మంది వచ్చారు. శంఖం వినిపించగానే కెమెరా స్నేహితుడి అమ్మగారు తనదేనని గుర్తుపట్టి నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. వెలుతురు గీత నిలువుగా మారడం ముగ్గురే చూశారు. ఆ ముగ్గురిలో ఒకరు పదేళ్ళ పిల్లవాడు. "తలుపు" అని వాళ్ళమ్మ చెవిలో చెప్పాడు. వాళ్ళమ్మకు కనిపించలేదు, కానీ పిల్లవాడి ముఖం చూసి భయపడింది. మిగతావాళ్ళు చప్పుడు ఆగాకే ఊపిరి బిగబట్టారు.

అయిపోయాక మొదట మాట్లాడింది ఎదురింటి తాతగారు. "మీ మామ్మ ఎక్కడికి వెళ్ళింది?" అన్నారు. మామ్మ ఆయన పక్కనే కూర్చుని ఉంది.

---

పాత_ఆపరేటర్ (గుణుపురం)
తర్వాతి శనివారం, రాత్రి 10:41

అమ్మాయీ, ఆ పన్నెండు మందిలో ఎవరి చేతిలోనైనా పొట్లం ఉందా?

---

పెరటి_గుమ్మం (పర్లాకిమిడి)
తర్వాతి శనివారం, రాత్రి 10:48

ఇద్దరి చేతుల్లో ఉంది తాతగారూ. మూడో గది దగ్గర ఆ చప్పుడు ఆగింది.